ఆరు డాలర్లు

బ్యూట్‌లో ఈ రాత్రి చలి సున్నాకి ఇరవై కింద.
రాగి అంతా తోడుకుని వదిలేసిన కొండ పక్కన
ఒక బారు, దాని వెనక గది,
ఆకుపచ్చ గుడ్డ మాసిపోయిన బల్ల.
ఆరుగురం. నేను పోను, నలుగురు నాకు కంఠతా వచ్చు.

మంచి ముక్క పడితే ట్రెవెన్నా చెవి గోక్కుంటాడు.
అబద్ధం ఆడబోయే ముందు ఐలీకి
మనవరాలి పళ్ళ డాక్టరు గుర్తొస్తాడు.
లాజో, వాళ్ళ తమ్ముడు: చెప్పడానికేం లేదు,
వాళ్ళ ముక్కలు వాళ్ళ కళ్ళజోళ్ళలోనే కనిపిస్తాయి.
ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపినదాన్ని నేను,
మెట్టెక్కే చప్పుడు వింటే చాలు
ఏ పిల్లాడు లెక్కలు చెయ్యలేదో చెప్పేదాన్ని.

ఆరో కుర్చీలో మాత్రం కొత్తవాడు.
పైపులైన్ వెల్డర్‌నన్నాడు. పేరు వెండెల్.
బొటనవేలి మీద కాలి మానిన మచ్చ.
గంటన్నరగా ఒక్క ముక్కా వెల్లకిలా పడలేదు.
అతను కాస్తాడు, మేం పడేస్తాం,
తన ముక్కలు బోర్లాగానే తోసేస్తాడు,
తలుపు తియ్యకుండా
కిటికీ సందులోంచి చిల్లర అందుకునే ఇంటాయనలా.

అప్పుడొచ్చింది ఆ ఆట.
బల్ల మీద రాణి, జాకీ, తొమ్మిది, ఇంకో రెండు చిన్నవి.
నా చేతిలో రెండు ఎనిమిదులు.
అతను ఆరు డాలర్లు ముందుకు జరిపాడు,
నిద్రపోతున్న పిల్లి పక్కన గిన్నె పెట్టినంత మెల్లగా.

ఓడిపోయానని తెలుసు. ట్రెవెన్నాకీ తెలుసు,
నా వైపు చూసి కనుబొమ్మలెత్తాడు.
అయినా ఆరు బిళ్ళలు లెక్కపెట్టి వేసి, షో అన్నాను.
వెంట్రుక వేసి కొండను లాగుతారంటారే,
వస్తే కొండ, పోతే వెంట్రుక.
నాకు కొండ అక్కర్లేదు.
అదెంత బరువో తెలిస్తే చాలు.

రాజు, పది. వరసగా అయిదు కుదిరాయి అతనికి.
సరే. బలం ఉన్నప్పుడు ఇతని చెయ్యి మెత్తబడుతుంది.
ఆరు డాలర్లకి ఇంతకన్నా ఏం దొరుకుతుంది ఈ ఊళ్ళో?
ఒక బీరు, సగం శాండ్‌విచ్.

మా నాన్న గనిలో నమూనాల డ్రిల్లరు.
కొండ మొత్తం తవ్వే ముందు
గుప్పెడు వెడల్పు రంధ్రం వేసి
రాతి కడ్డీని బయటికి లాగేవాడు, పొయ్యిలోంచి రొట్టెలా.
నాలుక ఆనించి చూసేవాడు కూడా. అమ్మ తిట్టేది.

పదకొండు దాటాక మళ్ళీ అతనూ నేనూ మిగిలాం.
నా దగ్గర మూడు అయిదులు, దాచుకున్న బంగారం.
అతను తొంభై డాలర్లు జరిపాడు.
మెల్లగా. ఆ పిల్లి ఇంకా నిద్రలోనే ఉన్నట్టు.
నేను నా చదువుని నమ్మాను.
అయిదుల్ని బోర్లించాను.

వెండెల్ మొదటిసారి అడక్కుండానే ముక్కలు తిప్పాడు.
ఏడు. మూడు. ఏమీ లేదు, పొడి మట్టి.
ఐలీ పగలబడి నవ్వింది.

"ఇందాక డబ్బు కట్టారు కదండీ," అన్నాడు మర్యాదగా,
"ముక్కలు చూస్తారనుకున్నాను.
మీరు నా చేతులు చూశారు."

నాన్న ఈ సంగతి చెప్పనే లేదు,
రంధ్రం రెండు వైపుల నుంచీ రంధ్రమేనని.
ఇప్పుడా గొయ్యి నిండా నీళ్ళు,
తాగడానికి పనికిరాని ఎర్రటి నీళ్ళు.

బయట అతని ట్రక్కు స్టార్ట్ కాలేదు.
నా డిక్కీలోంచి కేబుళ్ళు తీసిచ్చాను, బస్సు కాలం నాటివి.
వణికే వేళ్ళతో బిగించుకుంటుంటే
చూడకూడదనుకుంటూనే చూశాను:
అతని ఎడమచెయ్యి ముందు కదులుతుంది,
కుడిది దాని వెనకాలే, అనుమానంగా.

దీనికెవరూ డబ్బు అడగలేదు.
పైపులైను గురువారానికి పక్క జిల్లాకి పోతుందట.
ఇంజను పట్టుకుంది. చెయ్యి ఊపాడు.
ఎడమదే.