ముప్పై శాతం

వాన రాకడ, ప్రాణం పోకడ
ఎవరికీ తెలియవంటారు మనవాళ్ళు.
మొదటిది చెప్పడానికే నాకు జీతం.
రెండోదాని బాధ్యత
అడక్కుండానే అందులో కలిపి ఇచ్చారు.

డార్విన్‌లో నవంబరు.
గాలి తడిగుడ్డలా మెడకి చుట్టుకుని వదలదు.
తివి దీవుల మీద మధ్యాహ్నం మూడింటికి
ఒక మబ్బు లేస్తుంది, దాదాపు రోజూ.
దాని పేరు హెక్టర్.
ఊళ్ళు కూల్చే తుపాన్లకేమో ఒకప్పుడు ఆడపేర్లు,
వేళకి డ్యూటీకొచ్చే మబ్బుకి మగపేరు.
సరే, అది వేరే గొడవ.

పొద్దుటి బెలూన్ పంపిన అంకెలు
పొంగబోయే పాలగిన్నెలా ఉన్నాయి.

రెండుంపావుకి ఫోను. రోవెనా.
సెస్నాలో ఆరుగురు మనుషులు,
ఐసు పెట్టెలో చిన్నపిల్లల టీకాలు.
రెక్క కింద నిలబడి మాట్లాడుతోంది,
వెనక ఎవరిదో నవ్వు.
"ఉరుములు ముప్పై శాతం అని రాశావు.
ముప్పై శాతం మీద నేను విమానం దించలేను.
నువ్వైతే వెళ్తావా?"

అలా చెప్పకూడదు, నిబంధన.
ఆకాశం ఏం చేస్తుందో చెప్పాలి,
మనిషి ఏం చెయ్యాలో కాదు.
"ఆడపిల్లలు రాస్తే మ్యాపంతా ఎర్రజెండాలే" అని
నేను చేరిన వారంలోనే అన్న డెస్మండ్,
ఇరవయ్యారు వానాకాలాల సీనియర్,
పక్క బల్ల మీద టైపింగ్ ఆపాడు.

"వెళ్ళను" అన్నాను.

ఆమె ఆగింది. అందర్నీ దించి
హ్యాంగర్ నీడలో కూచోబెట్టింది.
నలభై నిమిషాలు.

హెక్టర్ ఆ రోజు పడమటికి ఒరిగి
ఎవరూ లేని సముద్రం మీద కురిసిపోయాడు.
ఆమె దారి పొడుగునా ఎండ.
చినుకు లేదు.

డెస్మండ్ ఏమీ అనలేదు.
అనకపోవడం గదంతా వినబడింది.
రోవెనా కంపెనీవాడు మాత్రం ఆమెని అన్నాడట,
నలభై నిమిషాలకీ డాలర్ల లెక్క కట్టి.

రాత్రి పప్పు మాడబెట్టాను.
డెబ్భై శాతం ఇలాగే అవుతుందని
నేనే రాశాను కదా అనుకుంటే
లెక్క కుదిరింది,
కడుపు కుదరలేదు.

మర్నాడు రెండుంపావు.
ఫోను వైపు చూడకూడదనుకున్నాను.
మోగింది.

"ఇవాళ ఎంత?"
"నలభై."
"శాతం మీ కాగితంలో ఉంది. నువ్వు చెప్పు."

ఆగమని,
స్క్రీను వదిలి,
కిటికీ దాకా నడిచాను.