తరుగు

మూతబడిన చక్కెర మిల్లు పొగగొట్టం మీద
ఇప్పుడు జువ్వి మొలక ఒకటే ఊగతా ఉండాది.
సైరన్ లేదు గదా,
కట్టమంచిలో అన్నం ఎప్పుడు వార్చాలో
ఎవురికీ తెలీదు.

రేకులు లేచిపోయిన గోడౌన్లో
ఎండ పడిన చోట ఒక కుక్క, దాని ఐదు పిల్లలు.
పాకం కాచిన గదిలో
గోడకు చెయ్యి ఆనిస్తే
ఇంకా జిగురు.

నిన్న పాతినుప లారీ వచ్చింది.
చెరుకు నలిపిన రోలర్లను
చెరుకు తూచిన కాటా మీదికే ఎక్కించినారు.
తూకం రాసేదానికి
చెంగల్రాయుల్ని ఇంటి నుంచి పిలిపించినారు.

ఆకు కింద, మట్టి కింద
ముప్పై ఏండ్లు మా బండ్లకు రెండు శాతం కోసిన చెయ్యి.
అద్దాలు తుడుచుకుని,
ముల్లు నిలిచేదాకా ఆగి,
చీటీలో రాసినాడు:
తుప్పు కింద తరుగు, రెండు శాతం.

లారీవాడు నవ్వినాడు.
ఆయన సంతకం పెట్టి
కింద షిఫ్టు నంబరు గూడా వేసినాడు.