చేపు

అమ్మడానికి వచ్చినవాడు కాగితం మీద లెక్క కట్టాడు:
రోజుకి నాలుగు గంటలు, ఏడాదికి అరవై రోజులు.
"ఆ అరవై రోజులూ ఇక మీవే" అన్నాడు,
ఎక్కడో తాకట్లో ఉన్నవి విడిపించి తెచ్చినట్టు.

షూర్డ్ నా వైపు చూశాడు.
నేను కిటికీలోంచి కాలువ వైపు చూశాను.
గడ్డకట్టడానికి ఇంకా రెండు నెలలుంది.
అటక మీద మా స్కేట్లకి తుప్పు.
ఈసారి గాలిమర దాకా జారుతూ పోయి
బఠానీల సూపు తాగి
చీకటి పడ్డాక వద్దాం అనుకున్నాం.
బ్యాంకుకి పన్నెండేళ్ళు రాసిచ్చి
అరవై రోజులు కొనుక్కున్నాం.

మొదట్లో కొట్టంలోకి వెళ్ళి ఊరికే నిలబడేవాళ్ళం.
ఎర్రటి వెలుగు ఒకటి పొదుగు కింద తడుముకుని
నాలుగు చన్నులూ వెతికి పట్టుకునేది.
ఆవులు వాటంతటవే వరస కట్టేవి
శనివారం రొట్టెల కొట్టు ముందు మా ఊరి జనంలా.
మా చేతులు ఏం చెయ్యాలో తెలియక
జేబుల్లో దూరాయి.

జేబులోనే ఉంది ఫోను.

రాత్రి రెండుంబావుకి: నలభై ఒకటో నంబరు గొట్టం తన్నేసింది.
మూడున్నరకి: పాల వేడి ఎక్కువైంది.
తెల్లారుఝామున, సరిగ్గా కల మధ్యలో:
అంతా బాగానే ఉంది అని చెప్పడానికే ఒక మోత.
ఇదివరకూ అయిదుకే లేచేవాళ్ళం, కాదనను.
కానీ అయిదు అయిదులాగే ఉండేది.
దానికి ముందు రాత్రి ఉండేది, తరవాత కాఫీ ఉండేది.
ఇప్పుడు రోజుకి అంచుల్లేవు,
కుట్లు ఊడిన గోనెసంచి, ఎటు పట్టి ఎత్తినా కారుతుంది.

మిగిలిన గంటలేమయ్యాయంటారా?
పాలు పెరిగాయి. ధర పడిపోయింది.
పడినదాన్ని లేపడానికి ఇంకో ఇరవై ఆవులొచ్చాయి.
తెర మీద గీతలు చదవడానికి పొద్దున్నే గంట,
గీత ఎందుకు వంగిందో ఎవరికో చెప్పడానికి
ఫోనులో సంగీతం వింటూ ఇంకో గంట.

సాయంత్రం పాలవేళకి ఫ్రౌక్యా వచ్చేది, రేకు చెంబుతో.
అతని చేతులు పితుకుడు గొట్టాలు తగిలిస్తుంటే
ఊళ్ళో సంగతులన్నీ చెప్పేది.
చేతికి పనుంటే చెవికి తీరిక.
ఇప్పుడు చేతులు ఖాళీ, కళ్ళు ఫోనులో.
రెండుసార్లు సగం మాటలో ఆగి మమ్మల్ని చూసింది.
మూడోసారి రాలేదు.

జనవరిలో మంచు మాట నిలబెట్టుకుంది.
మూడు రోజులు కాలువ అద్దమై పడుంది.
లేసులు బిగించి దిగాం. వంతెన కూడా దాటలేదు,
జేబు మోగింది.
చేతితొడుగు పళ్ళతో లాగి
మంచు మధ్య నిలబడి బొత్తాలు నొక్కుతున్నాడు షూర్డ్.
పిల్లలు అతన్ని చుట్టి జారుకుంటూ పోయారు
నీటిలో పాతిన గుంజని తప్పించుకున్నట్టు.
స్కేట్లు మెడలో వేసుకుని నడిచి వచ్చేశాం.

క్లాస్కా గురించి చెప్పాలి.
దాని వెనక చన్నులు మరీ దగ్గరదగ్గర.
ఎర్ర వెలుగు వెతికి వెతికి, దొరక్క,
"పనికిరాదు" అని రాసేసింది.
షూర్డ్ దాన్ని కోతకి పంపలేదు. ఎందుకని నేనూ అడగలేదు.
రోజూ ఒక పీట, ఒక బకెట్టు, గోరువెచ్చటి నీళ్ళు.
పొదుగు కడిగి ఊరికే నిమురుతూ కూచుంటాడు.
అది నెమరు వేస్తూ ఎటో చూస్తుంది.
పిండితే వచ్చేది కాదది. చేపాలి.
చేపేదాకా ఆగాలి.

మొదటి ధార అడుగున ఖణేలుమంటుంది.
తరవాత నురగలో చప్పుడుండదు.
బయట గూట్లో ఫోను వెలిగి ఆరి మళ్ళీ వెలుగుతుంది.

ఇంటి లెక్కలు రాసేది నేనే.
లెక్క ప్రకారం క్లాస్కా నష్టం.
పూటకి ఓ పావుగంట, దాణా వేరే.
ఆ పావుగంటని ఏ గడిలో వెయ్యాలో తెలియక
ఖాళీగా ఉంచాను.
నిన్న ఆ గడి చూసి కూడా
షూర్డ్ ఏమీ అనలేదు.