ఏడో నంబరు బల్ల

విజయనగరం కాంప్లెక్సు ఎదుట
మా టిఫిన్ హోటల్లో పధ్నాలుగు బల్లలు.
చిన్నంనాయుడికి కాయితం అక్కర్లేదు.
పొద్దున్న ఏడున్నరకి
పార్వతీపురం బస్సు, సాలూరు బస్సు ఒకేసారి దిగితే
కిటికీ దగ్గరకొచ్చి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పీవోడు:
"రెండు ఉల్లి పెసర, ఒకటి అల్లం లేకుండా,
నాలుగో బల్ల ముసలాయనకి ఇడ్లీ మెత్తగా, కారప్పొడి వొద్దు,
పదకొండుకి ఉప్మా పెసర, పిల్లకి పంచదార అట్టు,
తొమ్మిదోళ్లు ఇంకా తేల్చుకోలేదు మాస్టారూ,
పూరీయే అంటారు, చూడండి."
పూరీయే అనీవోరు.

నాను పెనం దగ్గిర నిలబడి
ఆడి నోట్లోంచి ఊడిపడ్డ మాటల్ని
పిండి తిప్పినట్టు తిప్పుకునీవోణ్ణి.
కౌంటర్లో గవరయ్య గారు బిల్లు కూడేలోగా
మొత్తమెంతో ఆడే చెప్పీసీవోడు,
చిల్లరతో సహా.

రాత్రి షట్టర్ దించాక
గూడ్సు షెడ్డు వెనక మెట్ల మీద మొదలయింది.
మొదటి రోజు నానూ ఉన్నాను. అది దాచను.
పొట్లం విప్పి, అరచేతిలో నలిపి,
"బుర్రలో కూడా షట్టర్ దిగినట్టుంటాది మాస్టారూ" అన్నాడు.
నాకు దగ్గొచ్చింది, నవ్వొచ్చింది, ఇంటికెళ్లిపోనాను.
ఆడు కూర్చున్నాడు.
ఆ కూర్చోడం నాలుగేళ్లు.

ఏదీ ఒక్కరోజులో అవలేదు.
ముందు పచ్చడి మర్చిపోయాడు. ఎవరు మర్చిపోరు?
తర్వాత మంచినీళ్లడిగినోళ్లని.
తర్వాత మాటే, సగంలో.
"మాస్టారూ, మూడో బల్లకి..." అని
చెయ్యి గాల్లో అలగే ఉంచి
నా ముఖంలో వెతికీవోడు
మూడో బల్లకి ఏటి కావాలో.

విచిత్రమేటంటే, పాతవన్నీ ఉన్నాయి.
ఆరేళ్ల కిందట సిరిమాను రోజున
ఎన్ని ప్లేట్లు పోయాయో, ఎవడు డబ్బులెగ్గొట్టాడో
నిద్రలో లేపినా చెప్తాడు.
కొత్తవే అతకవు.
నూనె ఎక్కువైన పెనం చూశారు కదా,
పిండి పోస్తే నిలవదు,
గరిటె వెనకాలే జారుకుంటూ వచ్చేస్తుంది.
అలగ.

గవరయ్య గారు నోటుబుక్కు కొనిచ్చారు.
పెన్నుకి దారం కట్టి మెడలో వేశారు.
ఆ వేళ ఆడి ముఖం నాను చూడలేదు,
జల్లించక్కర్లేని పిండి జల్లిస్తూ కూర్చున్నాను.
సాయంత్రం పుస్తకం తిరగేస్తే
ఒక పేజీలో 7 అని ఉంది.
పక్కన గీత.
గీత పక్కన ఏటీ లేదు.
ఆ పూట ఏడో బల్ల దగ్గర ఒక మనిషి
ముప్పావుగంట కూర్చుని, బస్సొస్తే
ఖాళీ కడుపుతో లేచి ఎళ్లిపోనాడు.

పేజీ చింపి ఆడి జేబులో పెట్టాను. ఏటీ అనలేదు.
అనడానికి నాకేం మొహముంది.

మానేసి పదకొండు వారాలు.
లెక్క ఆడిది కాదు. వాళ్లక్క ఆదెమ్మ
వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తంది.
నిద్ర పట్టదట. అన్నం ముందు కూర్చుని లేచిపోతాడట.
పెద్దాసుపత్రి డాక్టరమ్మ, కొంత తిరిగొస్తుంది అందట.
ఎంత అని ఆదెమ్మ అడిగితే
చీటీ మీద తారీఖు వేసి, మళ్లీ రండి అందట.

ఇవాళ పార్వతీపురం బస్సు దిగింది.
చిన్నం కిటికీ దగ్గరకొచ్చాడు.
నోటుబుక్కు వెనక జేబులోనే ఉంది, చూశాను.
"ఒకటికి రెండిడ్లీ. నాలుక్కి ఉప్మా పెసర.
అయిదుకి పూరీ, కూర ఎక్కువ.
ఏడుకి..."

ఏడో బల్ల నాకు కనపడతానే ఉంది.
కళ్లజోడావిడ, పక్కనున్న పిల్లాడికి
వేలితో బల్ల మీద అట్టంత గుండ్రం గీసి చూపిస్తంది.
అందించొచ్చు.
అందించలేదు.
మంట తగ్గించాను.
గరిటెడు పిండి పైకెత్తి పట్టుకుని
ఆడి పెదాల వైపు చూస్తూ నిలబడ్డాను.

పిండి చుక్క చుక్కగా గిన్నెలోకి పడతంది.