ఏమీ కానియ్యలే

నిన్న అహేరి డిపోల
నా ఖాకీ షర్టుకు బిళ్ల గుచ్చిన్రు.
మరాఠీల పేరు చదివిన సారు
రాజమల్లును రాజమల్ చేసిండు.
చప్పట్లు మాత్రం తక్కువ కాలే.

పేడాల డబ్బా పట్టుకొని
సిరొంచ బస్టాండంతా తిరుగుతుంటే
పుట్నాలమ్మే పోశక్క అడిగింది:
"ఏం జేసినవని ఇచ్చిన్రే?"

నోట్ల మాట నోట్లనే ఆగింది.
రేపనపల్లి మలుపుల
ఆవు తనంతట తాను లేచిపోయేదాక
లైట్లు తగ్గించి కూసున్న అని చెప్పాలెనా?
కల్వర్టు మీంచి వాగు పారిన రాత్రి
దిగి, కట్టెతో లోతు జూసి,
నలభై మంది తిట్లు తింటూ
తెల్లారేదాక బండి కదపలేదనా?
ఆ రాత్రి చెల్లె లగ్గం అందుకోని పంతులు
ఇప్పటికీ నా మొకం జూడడు.
బతికే ఉన్నడు.

"ఏం జెయ్యలే అక్కా" అన్న,
"ఇరవై ఐదేండ్లు
ఏమీ కానియ్యలే."

పోశక్క నవ్వలే.
పేడా విరిచి సగం నోట్లేసుకొని
సగం కొంగున కట్టింది.
"ఇది మనవరాలికి.
నీ బండ్లె పుట్టాల్సిన పిల్ల గదా,
దవాఖాన గేటు దాక ఆగింది."

నాకు యాదికే లేదు.
గుంతలకు మెల్లగ పోనిచ్చిన రోజులు
ఎన్నని గుర్తుంటయి?

పొద్దుగాల ఆరింటి బండి.
బిళ్ల స్టీరింగుకు గీసుకుంటుంటే తీసి
కండక్టర్ మడావి టికెట్ల సంచిల వేసిన.
"పోగొడతనేమో, మామా" అన్నడు.

ఊరు దాటంగనే
రోడ్డుకడ్డంగ మేకలు.
బ్రేకు మీద కాలు పెట్టిన.