రాయసగాని కడితం

చింతగింజల గంజిలో బొగ్గు నూరి
గుడ్డకు పట్టించి ఎండబెడితే కడితం.
నల్లటి గుడ్డ, తెల్లటి బలపం.
తప్పు పడితే తడిచేత్తో తుడిచేయొచ్చు.
మా దొర కోనప్పనాయుడికి ఈ సంగతి
నాకంటే బాగా తెలుసు.

ఆ ఏడు పాపఘ్ని పారలేదు.
కడప నుంచి నవాబు అమీలు వచ్చి
కట్టుబడి బోయల మాన్యాలన్నీ జప్తు అన్నాడు.
తాతలనాడు కొండదారి కాసినందుకిచ్చిన చేను,
ఈటె మొనంత చేను,
దానికీ పన్నంట.
గంగులప్ప ఏమీ అనలేదు.
అమీలు ముందరే తలగుడ్డ విప్పి, దులిపి,
మళ్ళీ చుట్టుకున్నాడు.
ఆ రాత్రికి వేంపల్లె నుంచి గండి దాకా
గుట్టగుట్టకూ మంట.

గంగులప్ప తల్లి ఓబుళక్క
మా దొరకు పాలిచ్చిన మనిషి.
కుడిరొమ్ము కొడుక్కి, ఎడమది దొరబిడ్డకు అని
ఆడోళ్ళు చెప్పుకుంటారు.
ఆమెనడిగితే మాత్రం
"ఎవరు ఏడిస్తే వాళ్ళకు" అంటుంది.

దొర నన్ను పిలిచి తలుపేసినాడు.
"వెంగళప్పా, రెండు రాయి.
హుజూరుకు ఒకటి:
తమ ఉప్పు తిన్నవాణ్ణి, నూరుమందిని పంపుతున్నా.
గండికి ఒకటి:
వచ్చే నూరుమందీ గురి తప్పేవాళ్ళే, బెదరొద్దు."
కొండకు కొర్రల గోతాలు పోయినాయి,
అడుగున మూడోవంతు ఇసుక.
కడపకు మందుగుండు పోయింది,
పైవరస తప్ప అంతా చెమ్మ.
ఇద్దరికీ తెలుసు.
ఇద్దరికీ తెలుసని దొరకూ తెలుసు.
రాత్రిళ్ళు మిద్దెమీద
ఒక కాలికి నవాబిచ్చిన జరీ జోడు,
ఇంకో కాలు ఉత్తిది,
అటూ ఇటూ నడిచేవాడు.
కింద పడుకున్నోళ్ళకు
పైన ఎవరో కుంటుతున్నట్టు వినిపించేది.

నవ్వడానికి నేనెవరిని?
ఏతాం కింద నా మడికి రెండు సనదులు,
ఇంట్లో తెలుగుది, కడపలో ఫారసీది.
ఏది చెల్లుతుందో
ఏ ఏటికాయేడు చూసుకుంటాను.

కార్తీకం పోయినాక ఒక పొద్దున
హర్కారా గోనెసంచి తెచ్చి
కోటవాకిట అరుగు మీద దించినాడు.
జొన్నపొట్టులో తల.
"ఎవరిదిది? దీనికి చుట్టాలెవరు?"
అమీలు తాంబూలం నములుతూ అడిగినాడు.
"ఉంటే వాళ్ళకూ ఇదే సంచి."
దొర ఒంటిజోడుతోనే దిగొచ్చినాడు.
ఎడమచెవి తమ్మెకు పాత కాటు ఒకటి,
ఏడేళ్ళప్పుడు మామిడిటెంక కోసం
తను కొరికిందే.
దాన్నే చూసినాడు చానాసేపు.
"ఎరగను" అన్నాడు.

ఓబుళక్కను పిలిపించినారు.
ఆమె వంగి,
కంటిరెప్ప మీదున్న పొట్టు ఒకటి
గోటితో తీసేసింది.
"ఎవరు కన్నబిడ్డో పాపం.
ఎరగను."

రెండు మాటలూ నేనే రాసినాను,
ఒకదాని కింద ఒకటి, అదే బలపంతో.
కింది మాట ఎందుకన్నదో
ఆ పొద్దే తెలిసింది.
పై మాట ఎందుకన్నాడో,
పాలకో, ప్రాణానికో, పాళెపట్టుకో,
దొర చచ్చి పన్నెండేళ్ళయినా తెలీదు.
నవాబూ పోయినాడు.
నా మడికిప్పుడు మూడో సనదు.
ఏటేటా గంజి కాచి కడితానికి నలుపు పూస్తాను,
ఆ మడత దగ్గరికొచ్చేసరికి
పక్కకు తిప్పేస్తాను.

ఇంకొకటుంది.
వాకిలి దాటబోతూ ఆమె వెనక్కి తిరిగి
దొర ఉత్తికాలు చూసి అన్నది:
"రెండోది కూడా తొడుక్కో నాయనా,
అంతా పల్లేర్లు."
అది కడితంలో లేదు.
రాయమని ఎవరూ అనలేదు.