గొట్టం పట్టుకున్న మనిషి

పడవలో నా పని గొట్టాన్ని కనిపెట్టుకుని ఉండటం.
కంప్రెసర్ దడదడలాడుతుంటే
పసుప్పచ్చ గొట్టం కొస పళ్ళ మధ్య బిగించి
షింగూ అడుగున రాతి సందుల్లో పాకేవాడు ఓస్మారినో.
నాకు కనిపించేవి బుడగలే.
బుడగలు ఆగితే లాగాలి.
నది గురించి నాకున్న చదువంతా అదే.

పైకొచ్చి నీళ్ళసీసా నా ఒళ్ళో పెట్టేవాడు.
అందులో ఒక అకారి.
వేలెడంత లేదు,
ఒళ్ళంతా తెలుపూ నలుపూ చారలు,
సీసా గోడకి నోరంటించుకుని
ఎవరితోనూ మాట్లాడనన్నట్టు.
"జెల్లల్లో ఇదొక్కటే పెళ్ళికి ముస్తాబై పుట్టింది" అనేవాడు.
ఈ ఒక్క వంపులో తప్ప ఇంకే నీళ్ళలోనూ లేదట.
దాన్ని అమ్మి ఇంటికి రేకులు వేశాం.
అమ్మకూడదని చట్టం వచ్చాక కూడా
రెండు రేకులు వేశాం.
అది దాచను.

తర్వాత, ఎగువన ఆనకట్ట.
వంపు ముఖం చూడకుండా
అడ్డదారిన టర్బైన్లలోకి వెళ్ళిపోయింది నది.
అల్తమీరా దాకా పోయి అడిగాం.
ఫ్యాను కింద ఇంజనీరు
ఎంతో మర్యాదగా కాఫీ ఇప్పించాడు.
వంపుకి నీళ్ళొదలమంటే
వంపుకే నీళ్ళొదిలేశారు.

ఈ అక్టోబరులో
అతను ఇరవై ఏళ్ళు మునిగిన చోటికి
నేను చెప్పులేసుకుని నడిచి వెళ్ళాను.
అతను చెప్పే గుహలు
మా వంటింటి అలమరంత కూడా లేవు.
నల్లరాయి అట్లపెనంలా కాలుతోంది.
ఒక సందులో మాత్రం
నాలుగు బకెట్ల నీళ్ళు, టీ రంగులో, వెచ్చగా.
బోర్లా పడుకుని చూశాను.

బొరియ మూతి దగ్గర మగ అకారి,
తోకతో లోపలికి నీళ్ళు విసురుతోంది.
వెనక నారింజ రంగు గుడ్లు, ఏడో, తొమ్మిదో,
లెక్కపెట్టనివ్వలేదు.
నా నీడ పడితే పారిపోతుందనుకున్నాను.
ఇంకాస్త అడ్డంగా తిరిగింది.

సీసా తీసుకెళ్ళలేదు.
తీసుకెళ్ళి ఉంటే ఏం చేసేదాన్నో
ఇప్పటికీ చెప్పలేను.

ఇంటికొచ్చి, ఆరేసిన బట్టలు కింద పడేసి
దండెం విప్పాను. పాత పసుప్పచ్చ గొట్టమే అది.
"ఎక్కడికే?" అన్నాడు.
"నువ్వు బకెట్టు పట్టుకుని నడువు."

పారే పాయ ఇంకా ఒకటుంది,
ఆ సందుకి నూట పది మీటర్ల ఎగువన.
గొట్టం అరవై.
మిగతా యాభైకి ఏం చెయ్యాలో,
రాతిమీద గొంతుక్కూర్చుని
గొట్టం కొస పళ్ళ మధ్య పెట్టుకుని, అలవాటుకొద్దీ,
ఆలోచిస్తున్నాడు.